ఉప్పు తగ్గించాలంటే కుండీలో కొత్తిమీర ఉండాలి

రక్తపోటు ఉన్నవారికి మేము తప్పక చెప్పే మాట ఒకటుంది: ఉప్పు తగ్గించండి. చాలామంది ఇంటికి వెళ్లి రెండు రోజులు తగ్గిస్తారు. మూడో రోజు "కూర చప్పగా ఉంది, ముద్ద దిగడం లేదు" అని పాత పద్ధతికే వస్తారు. నాలుకకు రుచి తీసేసి, దానికి బదులు ఏమీ ఇవ్వకపోతే ఎవరైనా అంతే. ఆ బదులు ఇచ్చేవే కొత్తిమీర, పుదీన, కరివేపాకు. పెరడు లేనివారు కూడా వీటిని కుండీల్లో పెంచుకోవచ్చు.

ఎంత ఉప్పు వాడాలి?

పెద్దవారికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ లెక్కన నలుగురు పెద్దలున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్టు కనీసం 50 రోజులు రావాలి. బయట కొన్న ఊరగాయలు, అప్పడాలు తింటే ఇంకా ఎక్కువ రోజులు రావాలి, ఎందుకంటే వాటిలో ఉప్పు వేరే ఉంటుంది. ప్యాకెట్టు విప్పిన తేదీ దానిమీదే రాసి పెట్టి చూడండి.

ఎలా పెంచాలి?

కొత్తిమీర: ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేయండి. రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున చల్లండి. మొలకకు వారం నుంచి రెండు వారాలు, కోతకు సుమారు 40 రోజులు పడుతుంది. పదిహేను రోజులకోసారి కొంచెం చల్లుకుంటే ఎప్పుడూ ఆకు ఉంటుంది. ఎండాకాలంలో త్వరగా పూతకు వస్తుంది గనుక నీడపట్టున ఉంచండి.

పుదీన: బజారు కట్టలోని ముదురు కాడలకు కింది ఆకులు తీసి నీళ్లలో నిలబెట్టండి. వేళ్లు రాగానే నాటండి. ఇది పాకే మొక్క, విడిగా ఒక కుండీ ఇవ్వండి.

కరివేపాకు: చెట్టు మొదట్లో వచ్చే పిలకను వేరుతో తీసి పెద్ద కుండీలో నాటండి. బాగా ఎండ కావాలి. చివళ్లు తుంచుతుంటే కొమ్మలు వేస్తుంది. గొంగళిపురుగులు కనబడితే చేత్తో ఏరివేయండి, తినే ఆకుమీద పురుగుమందు కొట్టవద్దు.

జాగ్రత్తలు

పురుగుమందు డబ్బాలను కుండీలుగా వాడకండి. మురుగునీరు పోయకండి. కుండీ కింది పళ్లెంలో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, వారానికి ఒక్కసారైనా పారబోసి, పళ్లెం రుద్ది కడగండి. కోసిన ఆకును మంచినీటిలో రెండు మూడుసార్లు కడిగి వాడండి.

వంటింట్లో

ఉప్పును ఒక్కసారి మానవద్దు, వారం వారం కొంచెం తగ్గించండి. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. కొత్తిమీర, పుదీన, నిమ్మరసం పొయ్యి దించాక కలిపితే వాసన నిలుస్తుంది. మజ్జిగలో ఉప్పు బదులు దంచిన కరివేపాకు, అల్లం వేయండి. పుదీన పచ్చడి చేసి అందులో పిడికెడు ఉప్పు వేస్తే మాత్రం ప్రయోజనం లేదు.

ఒక్క విషయం మరువకండి. ఈ ఆకులు ఉప్పుకు బదులే గాని మాత్రలకు బదులు కావు. డాక్టరు చెప్పనిదే బి.పి. మాత్రలు ఆపవద్దు. సోడియం తగ్గించిన ఉప్పులో చాలావరకు పొటాషియం కలుపుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా అది వాడరాదు.

ఈసారి బి.పి. చూపించుకోవడానికి వచ్చినప్పుడు, మీ ఇంట్లో ఉప్పు ప్యాకెట్టు ఎన్ని రోజులు వచ్చిందో మాకు చెప్పండి.