ఊరి కథ ఎవరు రాయాలి?

ఏటా బడి తెరిచిన మొదటి వారంలో మా తరగతిలో ఒక చిన్న పని చేయిస్తాం. ఊరి పేరును తమిళంలోనూ తెలుగులోనూ రాయమంటాం. తమిళంలో త, ద రెంటికీ ఒకటే అక్షరం కాబట్టి అందరి పలకల మీదా పేరు ఒకేలా ఉంటుంది. తెలుగులో మాత్రం కొందరు తళవాయిపురం అని, కొందరు దళవాయిపురం అని రాస్తారు. ఏది తప్పు సార్ అని అడుగుతారు. రెండూ ఒప్పే. కానీ ‘ద’తో రాసినప్పుడు పేరులో దాగిన మాట బయటపడుతుంది. దళవాయి అంటే సేనాపతి. మధురను ఏలిన నాయక రాజుల కొలువులో అది పెద్ద పదవి. తిరుమల నాయకుని దళవాయి రామప్పయ్య మీద తమిళంలో ‘రామప్పయ్యన్ అమ్మానై’ అనే కథాకావ్యమే ఉంది. మరి మన ఊరి పేరులోని దళవాయి ఎవరు? ఈ ప్రశ్నతో పిల్లలను ఇంటికి పంపితే మర్నాటికి నాలుగు జవాబులు వస్తాయి. ఆ నాలుగూ పెద్దల నోళ్లలోనే ఉన్నాయి.

రాజపాళయం చుట్టుపక్కల మన ఇళ్లలో తెలుగు మాట ఉంది, తెలుగు రాత తగ్గిపోతోంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున 2015-16కు పదో తరగతికి చేరింది. తమిళం మనం బతికే నేల భాష, దాన్ని బాగా నేర్వాల్సిందే. అయితే అమ్మమ్మ తెలుగులో చెప్పిన కథను తెలుగులోనే రాసిపెట్టగల చేతులు ఇంటింటా కరవవుతున్నాయి.

ఇది ఎంత నష్టమో మాకు ఒక పిల్లవాడి కాగితం చూపించింది. మిల్లు పనికి వెళ్లిన రోజుల గురించి తన అవ్వ చెప్పిన మాటలను వాడు రాసుకొచ్చాడు. మాటలు తెలుగువి, అక్షరాలు తమిళానివి. ‘పొద్దున్నే అందరం కలిసి బాట పట్టేవాళ్లం’ అని మేము చదివాం. ‘పాట పట్టేవాళ్లం’ అని పక్క బెంచీ పిల్ల చదివింది. తమిళ లిపిలో ప, బ ఒకటే. ఆ ఆడవాళ్లు చీకట్లో దారి పట్టారా, దారి పొడుగునా పాడుకున్నారా? అడుగుదామంటే అప్పటికే ఆ అవ్వ లేదు. ఆమె గొంతు ఒక్క నిమిషం ఫోన్‌లో రికార్డు చేసి ఉంటే ఈ సందేహమే ఉండేది కాదు.

అలాంటి గొంతులను, కాగితాలను, పాత ఫోటోలను చేర్చి ఊరి చరిత్రకు ఒక వెబ్‌సైట్ కట్టే పని గ్రంథాలయాలు చేపట్టాలని మా కోరిక. ఇది జరగని పనేమీ కాదు. న్యూజిలాండ్‌లో హొరొఫెనువా అనే ప్రాంతపు గ్రంథాలయాలు ఈ పని చేసి చూపించాయి. పుస్తకాల లెక్క చూసుకోవడానికి అవి తయారు చేయించుకున్న ‘కోహా’ సాఫ్ట్‌వేర్ 2000లో వాడుకలోకి వచ్చింది. ఈనాడు మన దేశంలోనూ ఎన్నో గ్రంథాలయాలు దాన్ని ఉచితంగా వాడుతున్నాయి. ఆ తరువాత అవే గ్రంథాలయాలు ‘కెటె’ అనే వెబ్‌సైట్‌ను తెచ్చాయి. మావోరీ భాషలో కోహా అంటే కానుక, కెటె అంటే అల్లిన బుట్ట. ఊరివాళ్లే తమ ఫోటోలు, ఉత్తరాలు, జ్ఞాపకాలు ఆ బుట్టలో వేశారు. గ్రంథాలయం ఆ బుట్టను పట్టుకుని నిలబడింది.

ఊళ్ల కథలు సేకరించడం మనకూ కొత్త కాదు. రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊళ్లు తిరిగి, కరణాలను అడిగి కైఫీయతులు రాయించారు. సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు తీయించాడు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో అవి ఇప్పటికీ ఉన్నాయి. అయితే అవి దొరతనం కోసం రాయించినవి, ఊరికి దూరంగా భద్రమైనవి. ఇప్పుడు మనం రాసేది ఊరి కోసమే, ఊళ్లోనే తెరిచి చదువుకోవచ్చు.

గ్రంథాలయంతో ఈ ప్రాంతానికి పాత బంధమే ఉంది. దేశానికి దారి చూపిన మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం 1948లో వచ్చింది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపినవారు రాజపాళయం తెలుగుబిడ్డ పూసపాటి కుమారస్వామి రాజా. ఆయన సొంత ఇంటినే ప్రజలకు ఇచ్చేశారు. అదే నేటి గాంధీ కళా మండ్రం. ఒకరు ఇల్లే ఇచ్చిన ఊరికి మనం తలా ఒక కథ ఇవ్వలేమా?

పని మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక కథకు ఒక పేజీ చాలు. చెప్పినవారి గొంతును ముందు రికార్డు చేయాలి, తరువాత రాయాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చెప్పారో కింద రాయాలి. పదిమందికీ కనబడేలా పెట్టడానికి వారి ఒప్పుదల తీసుకోవాలి. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ పక్కపక్కనే ఉంచాలి. మనకు నచ్చినదాన్ని ఉంచి మరొకటి కొట్టివేస్తే అది చరిత్ర కాదు. ఏ కులాన్నీ ఏ వీధినీ కించపరిచే మాట పైకి ఎక్కించే ముందు పెద్దలు చూడాలి. రాజుల కథలతో పాటు పత్తి ఏరినవారి కథ, మిల్లులో దారం పట్టినవారి కథ, నైటీలు కుట్టే అక్కల కథ కూడా ఉండాలి. టైపింగు యూనికోడ్‌లో ఉండాలి, లేకుంటే వెతికినా దొరకదు. ఊరి పేరు తమిళంలోనూ, తెలుగులో రెండు రకాలుగానూ రాయాలి. వెబ్‌సైట్లు మూతపడతాయి కాబట్టి ఒక ప్రతి గ్రంథాలయం బీరువాలో ఉండాలి.

చోటు, కంప్యూటరు, నమ్మకం గ్రంథాలయం ఇవ్వగలదు. తెలుగు వినే చెవి, తెలుగు రాసే చెయ్యి మాత్రం మన బడులే ఇవ్వాలి. తెలుగు ఎందుకు సార్ అని అడిగే పిల్లలకు మేము ఇకపై ఉపన్యాసం ఇవ్వం. ఆ కాగితాన్ని చూపిస్తాం. అవ్వ అన్నది బాటా, పాటా అని అడుగుతాం.

ఈ పరీక్షల సెలవుల్లో ప్రతి తెలుగు ఉపాధ్యాయుడూ పిల్లలకు ఒక్క ప్రశ్న ఇచ్చి పంపండి. మన ఊరికి ఈ పేరు ఎలా వచ్చింది? జవాబు రాసుకురమ్మనే ముందు, ఫోన్‌లో రికార్డు చేసుకురమ్మని చెప్పండి.