ఆకాశం నుంచి తెలుగు బొమ్మ

రేడియో మాట కొండలు దాటి, సముద్రాలు దాటి వస్తుంది. టెలివిజన్ బొమ్మకు ఆ అదృష్టం లేదు. దాని తరంగం దీపపు వెలుగులాగా తిన్నగా పోతుంది. భూమి వంపు తిరిగినచోట ఇక అందదు. యెంత పొడుగు స్తంభం వేసినా వంద కిలోమీటర్లు అటూ ఇటూ! 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైన టెలివిజన్, 1972లో గాని బొంబాయి చేరలేదు. ఆ నడకన, హైదరాబాదుకు ఐదువందల కిలోమీటర్లకు పైగా దూరాన వున్న గరివిడి వంటి ఊరికి బొమ్మ యెన్నడు రావాలి?

విక్రం సారాభాయికి ఒక ఉపాయం తట్టింది. స్తంభాన్ని ఆకాశంలోనే పాతితే సరి! 1969లో అమెరికా వారి 'నాసా'తో ఒప్పందం కుదిరింది. 1971 డిసెంబరులో ఆయన కన్నుమూశారు గాని పథకం ఆగలేదు. 1975 ఆగస్టు 1న, ముప్ఫై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున వున్న ఏటీఎస్-6 ఉపగ్రహం ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 పల్లెలకు నేరుగా బొమ్మలు పంపసాగింది. అందులో మన మెదక్, మహబూబునగరు, కర్నూలు వంటి జిల్లాల పల్లెలూ వున్నాయి.

పెట్టెలు తయారుచేసింది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. వారు. బొమ్మను పట్టే పది అడుగుల గొడుగు మాత్రం కోళ్ళగూళ్ళకు వేసే ఇనుపవల! చూసిన అవ్వలు కోళ్ళకు దడి కడుతున్నారనుకుంటే వారి తప్పేమీ లేదు. పొద్దున గంటన్నర బడిపిల్లలకు పాఠాలు. సాయంత్రం రెండున్నర గంటలు సేద్యం, ఆరోగ్యం, వినోదం. ఒక బొమ్మతోపాటు రెండు భాషల శబ్దాలు పంపే వీలు కూడా వున్నది. పట్నవాసులలోనే చాలామంది టెలివిజన్ ముఖం చూడని ఆ రోజులలో, అక్షరం రాని రైతు బడి వాకిట కూర్చుని తెలుగులో చూశాడు.

సరిగ్గా ఏడాది. 1976 జూలై 31తో గడువు తీరింది. అమెరికా ఉపగ్రహం వెళ్ళిపోయింది. అలవాటు చేసి తీసుకుపోవడం కంటె చేయకపోవడమే మేలేమో! 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది గాని, దాని స్తంభం అందినంత మేరకే.

1983లో మన సొంత ఇన్సాట్-1బి పైకి వెళ్ళిన తరువాత చిన్న పట్టణాలకు వంతు వచ్చింది. 1984లో దేశమంతటా రిలే స్తంభాలు లేచాయి, డాబాల మీద ఏంటెన్నాలు మొలిచాయి. తీరా పెట్టె తిప్పితే వచ్చింది ఢిల్లీ కార్యక్రమం, ఢిల్లీ భాషలో! పాలమూరు రైతుకు పదేళ్ళ క్రితమే దక్కిన తెలుగు, వేలు పోసి పెట్టె కొన్న గృహస్థుకు దక్కలేదు. 1987 జనవరిలో మొదలైన 'రామాయణ్' మనకు తెలిసిన కథే కనుక గట్టెక్కాము. వార్తల సంగతో? హిందీ వచ్చిన పిల్లవాడు ఇంట్లో వుంటే అతడే పెద్దమనిషి.

తరువాత హైదరాబాదు కార్యక్రమాలు ఉపగ్రహం మీదుగా రాష్ట్రమంతా పాకాయి. 1995 ఆగస్టు 27న 'ఈటీవీ' ప్రారంభమయింది. అందులో తెల్లవారుతూనే 'అన్నదాత' అని రైతులకొక కార్యక్రమం పెట్టారు. విత్తనం, యెరువు, చీడపీడల మాటలు మళ్ళీ ఆకాశం నుంచి తెలుగులో దిగాయి, ఈసారి గరివిడి వైపు పొలాలకు కూడా.