ఔట్‌పాస్ తరువాత

పని పేరిట పరాయి దేశం వెళ్లి, అక్కడ చిక్కుకుని, ఎలాగో తప్పించుకుని బయటపడిన యువతీయువకులకు మొదట కావలసింది తిండి, తలదాచుకునే చోటు అని దూరం నుంచి చూసేవారు అనుకుంటారు గాని, నిజానికి వారిని ఆ దేశంలో కదలనివ్వకుండా కట్టిపడేసేది చేతిలో పాస్‌పోర్టు లేకపోవడమే. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన కడప, గోదావరి జిల్లాల మహిళలు గాని, సౌదీ ఎడారిలో ఒంటెలు కాయడానికి దిగిన జగిత్యాల, నిజామాబాద్ యువకులు గాని, కంప్యూటర్ ఉద్యోగమని నమ్మి కంబోడియా, మయన్మార్‌లలోని సైబర్ మోసాల శిబిరాల్లో పడిన ఉత్తరాంధ్ర కుర్రాళ్లు గాని, చాలావరకు దిగిన రోజే పాస్‌పోర్టును మరొకరి చేతిలో పెట్టి ఉంటారు. గల్ఫ్‌లో ఆ చేయి కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చి, కార్మికుడి ఉనికికి ఆ దేశ ప్రభుత్వానికి పూచీగా నిలిచే యజమానిది. సైబర్ శిబిరాల్లో అది కాపలా ముఠాది.

అలా తీసుకునే హక్కు ఆ ఇద్దరిలో ఎవరికీ లేదు. 1967 నాటి భారత పాస్‌పోర్టు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తే కాబట్టి, దాని మీద పేరున్న మనిషికే అది సొంతం కానప్పుడు జీతమిచ్చే యజమానికి ఎలా సొంతమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఇంటిపనివారికోసం కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం కూడా పనిమనిషి సమ్మతి లేకుండా ఆమె గుర్తింపు పత్రాలను యజమాని దగ్గర ఉంచుకోరాదనే చెబుతుంది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 189వ ఒడంబడిక ఇంటిపనివారి పత్రాలు వారి వద్దే ఉండాలని నిర్దేశించగా, నిర్బంధ శ్రమను పసిగట్టడానికి అదే సంస్థ చెప్పిన 11 ఆనవాళ్లలో పత్రాలు లాక్కోవడం ఒకటి.

ఈ చట్టాలు కాగితం మీదే మిగిలిపోతున్నాయన్నది వేరే సంగతి గాని, తప్పించుకున్న మనిషి ఇచ్చే మొదటి ఫిర్యాదులో ఏ మాట రాయాలన్నది మాత్రం వీటి వల్లే తేలుతుంది. పాస్‌పోర్టు ఎక్కడో పడిపోయిందని రాస్తే పని త్వరగా అవుతుందని తోటివారు, దళారులు సలహా ఇస్తారు, అది వినడానికి సులువుగానే ఉంటుంది. అయితే లాక్కున్న దానిని పోయిందని రాసిన మరుక్షణం మనుషుల అక్రమ రవాణాకు ఉన్న బలమైన సాక్ష్యం బాధితుడి సంతకంతోనే చెరిగిపోతుంది. తరువాత ఊరికి వచ్చి ఏజెంటు మీద కేసు పెట్టబోతే ఎదుటి వకీలు ముందుగా చూపేది ఆ కాగితాన్నే. యజమాని ఫలానా తేదీన తీసుకున్నాడు, అడిగినా ఇవ్వలేదు అని ఉన్నది ఉన్నట్టు రాయడమే ఇక్కడ క్షేమం.

పాస్‌పోర్టు లేని భారతీయుడు స్వదేశం చేరడానికి రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అనే పత్రం ఇస్తుంది, దాన్నే గల్ఫ్‌లోని తెలుగువారందరూ ఔట్‌పాస్ అంటారు. అది భారతదేశానికి ఒకేఒక్క ప్రయాణానికి మాత్రమే పనికివస్తుంది, దాన్ని చూపి మరో దేశం వెళ్లడం గాని, మళ్లీ అక్కడే పనిలో చేరడం గాని కుదరదు. తమ దేశస్థులకు ప్రయాణ పత్రాలు ఇవ్వడం రాయబార, కాన్సులర్ కార్యాలయాలకు 1963 నాటి వియన్నా ఒప్పందం గుర్తించిన విధుల్లో ఒకటి కనుక, ఆ పత్రం అడగడం ఎవరి దయనూ కోరడం కాదు. టికెట్టుకు, బసకు, వైద్యానికి డబ్బు లేనివారికోసం 2009లో నెలకొల్పిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. చేతిలో చిల్లిగవ్వ లేదని రాయబార కార్యాలయం గడప తొక్కడానికి జంకేవారు ఈ సంగతి ముందుగా తెలుసుకోవాలి.

ఔట్‌పాస్ ఇవ్వడానికి ముందు ఆ మనిషి భారతీయుడేనని అధికారులు తేల్చుకోవాలి. పాస్‌పోర్టు నంబరు తెలిస్తే రికార్డులో చూసుకోవడం తేలికే. తెలియకపోతే వివరాలు స్వదేశానికి వెళ్లి, సొంత ఊళ్లో విచారణ జరిగి, జవాబు తిరిగి వచ్చేదాకా ఆగవలసి వస్తుంది. సాయం చేయదలచిన కుటుంబం చేతిలో ఉన్న అసలు పని ఇక్కడే మొదలవుతుంది. పాస్‌పోర్టు జిరాక్స్ ఇంట్లో దొరకకపోయినా దాని నంబరు మాత్రం చాలాచోట్ల మిగిలి ఉంటుంది: వీసా ప్రతి మీద ఉంటుంది, ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ఫోటోల్లో ఉంటుంది, మెడికల్ పరీక్ష చేసిన కేంద్రం రశీదులో ఉండవచ్చు, పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసిననాటి ఎస్సెమ్మెస్‌లో ఫైలు నంబరు ఉంటుంది. వాటితోపాటు పదో తరగతి మెమో, ఆధార్, రేషన్ కార్డుల ఫోటోలను కలిపి రాయబార కార్యాలయానికి పంపితే చాలు. విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ పోర్టల్‌లో కుటుంబ సభ్యులు నేరుగా ఫిర్యాదు నమోదు చేయవచ్చు, దానికి వచ్చే నంబరుతో ఆ ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కోవచ్చు.

ఔట్‌పాస్ చేతికి వచ్చినంత మాత్రాన విమానం ఎక్కనిస్తారని అనుకోవడం పొరపాటు. భారతదేశం లోపలికి రానిచ్చేది ఔట్‌పాస్ అయితే, పనిచేసిన దేశం నుంచి బయటికి పోనిచ్చేది ఆ దేశపు అనుమతి. పని వదిలి వెళ్లిపోయాడని కఫీల్ ఫిర్యాదు చేస్తే సౌదీలో ఆ కార్మికుడి పేరు పక్కన హురూబ్ అని పడుతుంది, అంటే పారిపోయినవాడని ప్రభుత్వ రికార్డుకు ఎక్కుతుంది. యజమాని దొంగతనం కేసు కూడా పెట్టి ఉంటే అది తేలేవరకు వదలరు. అటువంటివారు చివరికి తర్‌హీల్ అనే పంపివేత కేంద్రం మీదుగా, వేలిముద్రలు ఇచ్చి, మళ్లీ కొంతకాలం ఆ దేశంలో అడుగు పెట్టరాదన్న నిషేధంతో బయటపడతారు. ఆయా ప్రభుత్వాలు అప్పుడప్పుడు ప్రకటించే క్షమాభిక్ష గడువుల్లో, 2024లో కువైట్, యూఏఈలు ఇచ్చినటువంటి వాటిలో, జరిమానా లేకుండా పోవచ్చు కనుక ఆ వార్త కోసం చెవి ఒగ్గి ఉండాలి. మయన్మార్ దారి మరోలా ఉంటుంది: అక్కడి శిబిరాల నుంచి బయటపడినవారు సరిహద్దు దాటి థాయిలాండ్‌లోని మే సోట్ చేరగా, 2025 మార్చి 10న 283 మందిని, మరునాడు 266 మందిని భారత వాయుసేన విమానాల్లో తీసుకువచ్చారు, వారిలో తెలుగువారూ ఉన్నారు.

ఊరు చేరాక మొదలయ్యే రెండో అంకం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఔట్‌పాస్‌ను విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారులు తీసుకునే అవకాశం ఉంది కాబట్టి ఎక్కకముందే దాని ఫోటో తీసి ఇంటికి పంపాలి, కొత్త పాస్‌పోర్టుకు అదే ఆధారం. తరువాత చూసుకోవలసింది ఫోన్ నంబరు. 90 రోజులు వాడకం లేని ప్రీపెయిడ్ సిమ్‌ను కంపెనీ రద్దు చేయవచ్చు, ఆ పాత నంబరుకే ఆధార్, బ్యాంకు ఖాతా, డిజీలాకర్ అన్నీ ముడిపడి ఉంటాయి, ఓటీపీ మాత్రం వేరెవరి చేతికో పోతుంటుంది. అందుకని ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్రతో కొత్త నంబరు ఎక్కించుకుంటే, ఆ తరువాత పాన్, టెన్త్ మెమో వంటివి ఒక్కొక్కటిగా దారికి వస్తాయి. అసలు మెమో కూడా పోయి ఉంటే చదివిన బడి ద్వారా పరీక్షల బోర్డుకు దరఖాస్తు చేసి డూప్లికేట్ తెచ్చుకోవచ్చు.

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఇక్కడ పొంచి ఉంటుంది. మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా, ఆధార్‌లో చివర ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో రెండుగా చీలి ఉండటం మనకు మామూలే. పాత పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే కొత్త దరఖాస్తులోనూ రాసి, మార్పు కావాలంటే దాన్ని మార్పుగానే అడగాలి. వయసు సంగతి మరీ జటిలమైనది. పదో తరగతి పాసుకాని మహిళలు కేంద్రం జాబితాలోని 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వయసు 30 నిండాలన్న నియమం ఉన్నందువల్ల, ఇరవై దాటని అమ్మాయిలకు ఏజెంట్లు ఎక్కువ వయసుతో పాస్‌పోర్టు తీయించిన సందర్భాలున్నాయి. తిరిగి వచ్చిన పిల్లకు తన పుట్టినరోజు తానే రుజువు చేసుకోవలసిన దుస్థితి పడుతుంది, అయినా అబద్ధాన్ని మోసుకు తిరగడం కంటే బడి రికార్డుతో సరిచేయించుకోవడమే మేలు.

పాత పాస్‌పోర్టు సంగతి దాచి, అసలు ఎన్నడూ తీసుకోనట్టు కొత్తదానికి దరఖాస్తు చేయమని చెప్పే దళారులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. అది పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుకు దారితీసే నేరం, వేలిముద్రల కాలంలో అది దాగేది కూడా కాదు. సరైన దారి రీఇష్యూ దరఖాస్తు: ఫిర్యాదు ప్రతి, నిర్ణీత నమూనాలో అఫిడవిట్, ఔట్‌పాస్ ప్రతి జతచేసి, మామూలు రీఇష్యూకు రూ.1,500 అయ్యేచోట పోయినదానికి రూ.3,000 కట్టాలి. పాస్‌పోర్టును ఇతరులు లాక్కున్న బాధితుడి దగ్గర కూడా, అజాగ్రత్తగా పోగొట్టుకున్నవాడి దగ్గర తీసుకున్నంత రుసుమే తీసుకోవడం న్యాయంగా కనిపించదు.

అదే సమయంలో లైసెన్సు లేకుండా మనుషులను విదేశాలకు పంపిన ఏజెంటు మీద 1983 నాటి వలస చట్టం కింద, భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద సొంత ఊరి పోలీసు స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. అందులో రాసే తేదీలు, వివరాలు రాయబార కార్యాలయంలో ఇచ్చిన వాటితో సరిపోలాలి. ఇక కఫీల్ మనసు మారి ఏడాది తరువాత పాత పాస్‌పోర్టును కొరియర్‌లో పంపినా దానితో ప్రయాణం చేయకూడదు, ఎందుకంటే చేతిలో లేదని నమోదైన పాస్‌పోర్టు అప్పటికే రద్దయి ఉంటుంది. దాన్ని పాస్‌పోర్టు కార్యాలయంలో అప్పగించి రశీదు తీసుకోవాలి.