భౌతిక రసాయన శాస్త్ర చరిత్ర

భౌతిక రసాయన శాస్త్రము రసాయన శాస్త్రములోని ఒక ముఖ్యమైన శాఖ. రసాయన చర్యలకు సంబంధించిన ఉష్ణము, పీడనము, విద్యుత్తు, వేగము వంటి భౌతిక రాశులను కొలిచి, ఆ చర్యలు ఎందుకు, ఎంతవరకు, ఎంత వేగముగా జరుగుతాయో ఈ శాఖ వివరిస్తుంది. 1880వ దశకములో ద్రావణాలపై జరిగిన పరిశోధనలతో ఇది ప్రత్యేక శాస్త్రముగా స్థిరపడినది.

తొలి దశ

రష్యా శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ లొమొనోసొవ్ 1752లోనే "భౌతిక రసాయన శాస్త్రము" అనే పేరుతో పాఠాలు చెప్పాడు. కాని ఆ కృషికి కొనసాగింపు లేకపోయినది. 1840లో హెస్, చర్య ఎన్ని అంచెలలో జరిగినా వెలువడే మొత్తము ఉష్ణము మారదని నిరూపించాడు. 1850లో విల్‌హెల్మీ, ఆమ్లము సమక్షములో చక్కెర విడిపోయే వేగాన్ని కొలిచాడు. 1864లో నార్వేకు చెందిన గుల్డ్‌బర్గ్, వాగే ద్రవ్యరాశి క్రియా నియమాన్ని ప్రతిపాదించారు. 1876-78 మధ్య అమెరికాలో విల్లార్డ్ గిబ్స్ సమతాస్థితికి ఉష్ణగతిక శాస్త్ర పునాదులు వేశాడు.

అయాను సిద్ధాంతము

పలుచని చక్కెర ద్రావణము చూపే ద్రవాభిసరణ పీడనము వాయు నియమాలను పాటిస్తుందని డచ్చి శాస్త్రజ్ఞుడు వాంట్ హాఫ్ కనుగొన్నాడు. కాని ఉప్పు ద్రావణములో ఈ పీడనము లెక్కకు దాదాపు రెట్టింపు ఉన్నది. ఉప్పు నీటిలో సోడియం, క్లోరైడ్ అయానులుగా విడిపోవుటయే దీనికి కారణమని 1887లో స్వీడన్‌కు చెందిన ఆర్హీనియస్ వివరించాడు. కణాల సంఖ్య రెట్టింపైతే పీడనమూ రెట్టింపవుతుంది.

నీటితో తీవ్రముగా చర్య జరిపే సోడియం, విషవాయువైన క్లోరిన్ ఉప్పునీటిలో విడివిడిగా ఎలా ఉండగలవని పలువురు ఆక్షేపించారు. విద్యుదావేశము గల అయాను గుణములు వేరు, ఆవేశము లేని పరమాణువు గుణములు వేరు అన్నదే దీనికి సమాధానము. అంతకుముందు 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయము ఆర్హీనియస్ సిద్ధాంత వ్యాసానికి తక్కువ శ్రేణి ఇచ్చినది. దాని విలువను గుర్తించిన ఆస్వాల్డ్ అదే సంవత్సరము స్వయముగా ఉప్సాలా వెళ్ళి ఆయనను కలిశాడు. 1887లో ఆస్వాల్డ్, వాంట్ హాఫ్ కలిసి ఈ శాస్త్రానికి ప్రత్యేకముగా ఒక జర్మను పత్రికను ప్రారంభించారు.

వాంట్ హాఫ్ 1901లో రసాయన శాస్త్రములో తొలి నోబెల్ బహుమతిని పొందాడు. ఆర్హీనియస్‌కు 1903లో, ఆస్వాల్డ్‌కు 1909లో ఆ బహుమతి లభించినది.

తరువాతి పరిణామాలు

ఆస్వాల్డ్ చాలాకాలము పరమాణువుల ఉనికిని అంగీకరించలేదు. బ్రౌనియన్ చలనముపై పెర్రిన్ ప్రయోగాలు వెలువడిన తరువాతే ఆయన అభిప్రాయము మారినది. ఉప్పు వంటి బలమైన విద్యుద్విశ్లేష్యాల ప్రవర్తనను ఆర్హీనియస్ సిద్ధాంతము పూర్తిగా వివరించలేకపోయినది. ఈ సమస్యపై భారతీయ శాస్త్రజ్ఞుడు జ్ఞానచంద్ర ఘోష్ 1918లో ఒక సిద్ధాంతాన్ని ప్రకటించాడు. 1923లో డిబై, హకెల్ అయానుల పరస్పర ఆకర్షణను లెక్కలోకి తీసుకొని మరింత సంతృప్తికరమైన పరిష్కారము చూపారు. 1927లో హైట్లర్, లండన్ హైడ్రోజన్ అణువులోని బంధాన్ని క్వాంటం సిద్ధాంతముతో వివరించారు. దీనితో కొలతలతో మొదలైన ఈ శాస్త్రము అణు నిర్మాణము వరకు విస్తరించినది.