ఎక్సర్‌సైజ్ చేస్తే తల మీంచి చెమట కారిపోతోందా? ముందు ఇది తెలుసుకోండి

ఈ ఎపిసోడ్ ఐడియా మా గంపలగూడెంలో, పరుగు ప్రాక్టీస్‌లో పుట్టింది.

పోయిన ఎండాకాలం పొద్దున్నే అయిదున్నరకల్లా నేనూ, మా చిన్నాన్న కొడుకూ గ్రౌండ్‌కి వెళ్లేవాళ్లం. వాడు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నాడు. నేనేమో ఏళ్ల తరబడి లాప్‌టాప్ ముందు కూర్చుని పెంచిన పొట్ట తగ్గించుకుందామని. రెండు రౌండ్లు అయ్యేసరికి నా తల మీంచి నీళ్లు కారేవి. ఒంటి మీద చొక్కా ఇంకా సగం పొడిగానే ఉండేది, తల మాత్రం ముద్ద. అక్కడ వాకింగ్‌కి వచ్చే బాబాయ్ ఒకాయన రోజూ ఒకటే జోకు: "ఏం అబ్బాయ్, తలస్నానం చేసి తుడుచుకోకుండా వచ్చేశావా?"

మా తమ్ముడిదీ అదే తల. వాడు దీనికి సొంతంగా ఒక మందు కనిపెట్టాడు. నీళ్లు తాగితేనే కదా చెమట పట్టేది అని, ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేశాడు. నాలుగో రోజు మూడో రౌండ్‌లో కళ్లు తిరిగి కూలబడ్డాడు. నీడకి తీసుకెళ్లి, తల మీద నీళ్లు పోసి, కొంచెం కొంచెం తాగిస్తే పావుగంటకి తేరుకున్నాడు. అదృష్టం బాగుంది కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటూ చెప్తున్నాను.

వాడిలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు. తల చెమటని జబ్బు అనుకుని, సిగ్గు అనుకుని, దాన్ని ఆపడానికి ఏదేదో చేస్తారు. అందుకే ఇవాళ అసలు ఈ చెమట ఎందుకు, ఏం చేయాలి, ఎప్పుడు భయపడాలి, మూడూ మాట్లాడుకుందాం.

మన ఇంట్లో మట్టికుండ గుర్తుందా?

ఫోన్‌లో అరగంట గేమ్ ఆడితే వెనకాల వేడెక్కుతుంది కదా. మన కండరాలు కూడా అంతే. పరిగెత్తేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు పావు వంతే పనికి పోతుంది, మిగతాదంతా వేడి. ఫోన్ అయితే తన స్పీడ్ తగ్గించుకుంటుంది. ఒళ్లు చెమట పట్టిస్తుంది.

ఎండాకాలం మట్టికుండ బయట చెమరుస్తుంది. ఆ తడి ఆరేటప్పుడు లోపలి నీళ్లలో వేడిని పట్టుకుపోతుంది. మన చెమట పనీ ఇదే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. ఇది కొవ్వు కరిగిన లెక్క కాదండోయ్, వేడి లెక్క. ఇందులో అసలు మాట "ఆరితే". కారి నేల మీద పడిపోయిన చుక్క ఒంటిని చల్లబరిచేది దాదాపు ఏమీ ఉండదు.

వానాకాలంలో కుండలో నీళ్లు అంత చల్లగా ఉండవు, గమనించారా? గాల్లోనే తడి ఉంటే కుండ మీద తడి ఆరదు. మనకీ అంతే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కంటే, ఒక వాన పడి ఉక్కపోత మొదలయ్యాక తల ఎక్కువ కారుతున్నట్టు కనపడుతుంది. ఎండాకాలం తెల్లవారుజామున కూడా కొంత ఇదే. చల్లగానే ఉంటుంది కానీ గాల్లో తేమ ఎక్కువ, చెమట ఆరదు.

మరి తలకే ఎందుకు?

మనిషి ఒంటి మీద 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులు ఉంటాయి. అవి అన్నిచోట్లా సమానంగా ఉండవు. వీపుతో పోలిస్తే నుదుటి మీద చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. వ్యాయామంలో ఎక్కువ చెమట పట్టే చోట్లలో నుదురు ఒకటి. పైగా ఛాతీ మీద చెమటని చొక్కా పీల్చేసుకుంటుంది. తల మీద పీల్చుకోడానికి ఏమీ లేదు, జుట్టులో ఆగి ఆగి ఒక్కసారిగా ధారలా మొహం మీదకి దిగుతుంది. అంటే తల చెమట నిజంగానే ఎక్కువ, దానికి తోడు అందరికీ కనపడుతుంది కూడా.

ఇంకోటి. పరుగు ఆపాకే చెమట ఎక్కువవుతుంది, అవునా? పరిగెత్తినంతసేపు ఎదురుగాలి ఆరబెడుతూ ఉంటుంది. ఆగగానే గాలి పోయింది, లోపల వేడి మాత్రం అలాగే ఉంది. అందుకే ఆ ధార.

ఒక మంచి వార్త కూడా చెప్తా. ఎండలో ప్రాక్టీస్ అలవాటైన ఒంటికి చెమట ముందే మొదలవుతుంది, ఎక్కువగానూ పడుతుంది, అందులో ఉప్పు కూడా తక్కువ పోతుంది. ఈ అలవాటుకి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. కాబట్టి నెల రోజుల ప్రాక్టీస్ తర్వాత చెమట పెరిగితే స్టామినా తగ్గిందని కంగారు పడకండి, కూలింగ్ బాగుపడింది.

ఇవి మాత్రం చేయొద్దు

నీళ్లు మానేయడం. మా తమ్ముడి కథ విన్నారుగా. నీళ్లు తగ్గితే వేడి తగ్గదు, వేడిని బయటికి పంపే దారి తగ్గుతుంది.

ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరిగెత్తడం. చెమట ఎక్కువ పడితే బరువు తగ్గుతామని జిమ్‌లో కొందరు చేస్తారు. తగ్గేది నీళ్ల బరువు, రెండు గ్లాసులు తాగితే తిరిగి వస్తుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఇలాగే చెమట పట్టించి బరువు తగ్గించుకోబోయి, కొన్ని వారాల తేడాలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ రెజ్లింగ్‌లో రబ్బరు సూట్లు నిషేధించారు.

తల మీద పౌడర్ చల్లడం. అయిదు నిమిషాల్లో పేస్ట్ అయిపోతుంది, అంతే.

ఇక గుండు. చాలామంది అడిగేది ఇదే. నీడలో, జిమ్‌లో అయితే పొట్టి జుట్టు మంచిదే, చెమట త్వరగా ఆరుతుంది. ఎండలో మాత్రం జుట్టు గొడుగులా పనిచేస్తుంది. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో వేడి కొలిచే బొమ్మ తలకి రకరకాల విగ్గులు పెట్టి చూశారు. ఏ జుట్టయినా ఎండ వేడిని కొంత ఆపింది, బాగా ఉంగరాలు తిరిగిన జుట్టు అన్నిటికంటే బాగా ఆపింది. కాబట్టి మొక్కు ఉంటే గుండు కొట్టించుకోండి, చెమట కోసం అయితే పొట్టిగా కత్తిరిస్తే చాలు.

చేయాల్సినవి

కుండని మాటిమాటికీ తుడిస్తే చల్లబడదు కదా. అలాగే తలని పొడిగా తుడిచేయకండి. కళ్లలోకి కారేది మాత్రం ఆపండి, దాంట్లో ఉప్పు వల్లే కళ్లు మండేది. నుదుటికి బ్యాండ్ గానీ, మడత పెట్టిన పల్చటి నూలు చేతిరుమాలు గానీ కట్టుకోండి. టోపీ పెట్టుకుంటే గాలి ఆడేది పెట్టుకోండి. ఇంట్లో చేసేవాళ్లు ఫ్యాన్ పక్కనే చేయండి. అయిపోగానే కూర్చోకుండా అయిదు నిమిషాలు మెల్లగా నడవండి.

ఎంత నీళ్లు తాగాలి? నాకు తెలిసిన బెస్ట్ లెక్క ఇది. పరుగుకి ముందు బరువు చూడండి. అయ్యాక ఒళ్లు, తల తుడుచుకుని, అవే బట్టలతో మళ్లీ చూడండి. నాది ఒకరోజు 45 నిమిషాలకి 800 గ్రాములు తగ్గింది, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగాను. అంటే 1.1 లీటర్ల చెమట. మీ బరువులో 2 శాతం కంటే ఎక్కువ తగ్గుతుంటే మీరు తాగేది చాలట్లేదు. బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగుతున్నారు, అదీ ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

గంటలోపు వ్యాయామానికి మామూలు నీళ్లు సరిపోతాయి. అంతకు మించితే, బట్టల మీద తెల్లటి చారలు కడుతుంటే, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ బంగారం. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి. బాగా నీరసపడితే ఓఆర్‌ఎస్ ప్యాకెట్, ప్యాకెట్ మీద రాసిన కొలత నీళ్లలోనే కలపండి. డబ్బ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని తియ్యటి జ్యూస్‌లు అమ్మడం మీద హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆ పేరు అలా వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశాలిచ్చింది. కాబట్టి లేబుల్ చదివి కొనండి.

అయ్యాక తల మామూలు నీళ్లతో కడుక్కోండి, రోజూ షాంపూ అక్కర్లేదు. తడి తల మీద వెంటనే హెల్మెట్ పెట్టకండి, తడి జడ గట్టిగా బిగించకండి. దురద, చుండ్రు, వాసన మొదలయ్యేది అక్కడే.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

ఫ్యాన్ కింద ఊరికే కూర్చున్నా తల కారుతుంటే, రాత్రి దిండు తడిసిపోతుంటే, బరువు తగ్గుతూ చేతులు వణుకుతూ గుండె దడగా ఉంటే, మొహం ఒక పక్కే చెమట పడితే, కొత్త మాత్ర మొదలుపెట్టాక ఇది వస్తే చూపించుకోండి. థైరాయిడ్, షుగర్, కొన్ని మందులు కారణం కావచ్చు. ఏ కారణం లేకుండా తలకే అతిగా పట్టే సమస్య కూడా ఉంది, దానికి చర్మం డాక్టర్ల దగ్గర పూత మందుల నుంచి బొటాక్స్ దాకా వైద్యం ఉంది. ఆవకాయ తింటే నుదురు చెమర్చడం మాత్రం మామూలే, అది కారం పని! చెమటతో పాటు ఛాతీ నొప్పి వస్తే ఆలోచించకుండా 108.

చివరిగా, ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ. మన ఏపీ కానిస్టేబుల్ పరీక్షలో అబ్బాయిలకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో, అమ్మాయిలకి 10 నిమిషాల 30 సెకన్లలో. 2024 ఆగస్టు, సెప్టెంబర్‌లలో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పోస్టులకి 10 కిలోమీటర్ల పరుగు పెడితే పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. తర్వాత పరుగు కొన్నాళ్లు ఆపి, పొద్దున 9 దాటాక పెట్టకూడదన్నారు. అందరి మరణానికీ ఎండే కారణమని నేను అనను. కానీ ఒళ్లు ఇచ్చే హెచ్చరిక వినాలని మాత్రం అది చెప్తోంది.

చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకుంటారు. పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండొచ్చు. చూడాల్సింది మనిషిని. మాట తడబడుతోందా, తూలుతున్నాడా, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడా? వెంటనే పరుగు ఆపించండి, 108కి ఫోన్ చేయండి, అది వచ్చేలోపు నీళ్ల తొట్టి ఉంటే మెడ దాకా కూర్చోబెట్టి తల పట్టుకోండి, లేకపోతే బక్కెట్లతో నీళ్లు పోస్తూ విసరండి. స్పృహలో లేకపోతే తొట్టిలో దించకండి, పోస్తూనే ఉండండి, నోట్లో మాత్రం పోయొద్దు.

మా తమ్ముడు ఇప్పుడు సీసా పట్టుకునే గ్రౌండ్‌కి వస్తున్నాడు. తల ఇంకా కారుతూనే ఉంది. బాబాయ్ జోకు కూడా మారలేదు. వాడి టైమింగ్ మాత్రం మారింది, మొన్న 7 నిమిషాల 20 సెకన్లు.

మీతో పాటు పరిగెత్తే ఒక్కరికైనా ఇది చెప్పండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.