ఖారా నీరు – మన ఇళ్లు – మన బాధ్యత

గత వేసవిలో ఒకనాడు అసర్ నమాజు ముగిసిన తర్వాత, మా మద్రసాలో చదువుకునే ఒక బాలుని దాదీ మాతో మాట్లాడాలని కబురు పంపారు. ఆమె మేడ్చల్ చేరువలో ఒక అద్దె గదిలో ఉంటున్నారు. ఆమె ప్రశ్న ఇది: "మౌలానా సాబ్, వుజూ చేసి చేతులు ఆరితే చాలు, చర్మం మీద తెల్లటి పొర తేలుతోంది. నీరు చర్మానికి అందుతోందో లేదో తెలియదు. ఇన్ని నెలల నమాజులు ఏమైనట్లు?"

ఆ సందేహంతోనే ఆమె రంజాన్ నుంచి వుజూ కోసం ఇరవై లీటర్ల క్యాన్లు కొంటున్నారు. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తోందని అడిగాము. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, బి.పి. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నానన్నారు. ఆ మాట విన్నప్పటినుంచి ఈ విషయమై వ్రాయాలని అనుకుంటూనే ఉన్నాము. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో నల్లా తిప్పితే వచ్చేది ఖారా నీరే. ఆ ఇళ్లన్నిటా ఈ సందేహమో, ఇలాంటి మరొకటో ఉండే ఉంటుంది.

మొదట ధార్మిక విషయం చెప్పుకుందాం. భూమిలోని లవణాలు కరిగినంత మాత్రాన నీరు తన పరిశుద్ధతను కోల్పోదు. సముద్రయానం చేసే ఒక వ్యక్తి సముద్రపు నీటితో వుజూ చేయవచ్చా అని అడిగినప్పుడు, ఆ నీరు పరిశుద్ధపరిచేదేనని దైవప్రవక్త (స) తెలియజేశారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ ఉల్లేఖనం ఉంది. సముద్రపు నీటికే ఆ అనుమతి ఉండగా మన బోరు నీటి గురించి శంకించవలసిన పనిలేదు. ఇక తెల్లటి పొర సంగతి. నీరు ఆవిరైపోయాక మిగిలిన లవణమే అది. అంటే నీరు చర్మానికి తగిలి ఆరిందనడానికే అది గుర్తు. గోళ్లకింద ఎండిన పిండి, మైనం వంటివి నీటిని అడ్డుకుంటాయి. గోరింటాకు రంగు, పలుచటి మట్టి అడ్డుకోవు అని ఫిఖహ్ పండితులు వివరించారు. ఈ పలుచటి పొర రెండవ కోవకు చెందినదే. "అమ్మా, మీ నమాజుల్లో ఏదీ తిరిగి చేయనక్కరలేదు. ఇది వస్‌వసా. రేపటినుంచి మాత్రలు రోజూ వేసుకోండి" అని ఆమెకు చెప్పాము.

ఇంతకూ మన నీరు ఇలా ఎందుకుంది? మన ప్రాంతమంతా గ్రానైటు శిలల మీద ఉంది. వాన నీరు సహజంగా మృదువైనది. అది నేలలోకి ఇంకుతూ మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని స్వల్పమైన ఆమ్లంగా మారుతుంది. రాతి పగుళ్లలో నిలిచి ఉన్న కాలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. అదే కఠినజలం. సాధారణంగా ఎంత లోతుకు బోరు వేస్తే అంత ఎక్కువకాలం రాతిని అంటిపెట్టుకున్న నీరు పైకి వస్తుంది. కనుక "మరో వంద అడుగులు దింపితే మంచినీళ్లు పడతాయి" అనే ఆశ తరచుగా డబ్బు పోగొట్టడంతోనే ముగుస్తుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం త్రాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. వేరే నీటివనరు లేనప్పుడు 600 వరకు అనుమతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యానికి ఆరోగ్యరీత్యా ఏ పరిమితినీ విధించలేదు. దీన్నిబట్టి కఠినజలం విషం కాదని గ్రహించాలి. అయితే బోరు నీటిలో ఫ్లోరైడు, నైట్రేటు, మురుగు చేరిందా అన్నది వేరే ప్రశ్న. వాటిని రుచిచూసి కనుక్కోలేము. ఏడాదికొకసారి ప్రయోగశాలలో పరీక్ష చేయించడమే మార్గం.

విషం కాకపోయినా దాని భారం మాత్రం తక్కువ కాదు. ఆ భారం ఎక్కువగా మోసేది మన ఇంటి స్త్రీలే. సబ్బు నురగ రాదు. కాల్షియంతో కలిసి జిడ్డు తెట్టుగా మారి బట్టలకు పట్టుకుంటుంది. తెల్లటి కుర్తాలు నాలుగు ఉతుకులకే మాసినట్లు కనిపిస్తాయి. "సరిగా ఉతకలేదా?" అని కోడలిని అడిగేముందు నీటిని అడగాలి! కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, గ్యాసు వృథా అవుతుంది. గీజరు కడ్డీకి సున్నపు గార కట్టి కరెంటు ఖర్చు పెరుగుతుంది.

కొన్ని సులువైన ఉపాయాలు ఉన్నాయి. బట్టలకు సబ్బు బిళ్ల బదులు డిటర్జెంటు పొడి వాడితే తెట్టు కట్టదు. తలకు కుంకుడుకాయలు ఈ నీటిలోనూ నురగనిస్తాయి. నల్లాలకు, లోటాలకు పట్టిన గారను సిర్కాతోగాని నిమ్మరసంతోగాని తడిపి కొంతసేపు ఉంచితే వదులుతుంది. నీటిని మరగించి చల్లార్చి పైతేట తీసుకుంటే కాఠిన్యంలో కొంతభాగం అడుగున సున్నంగా దిగిపోతుంది. పప్పు వండటానికి అది చాలు. పిల్లల చర్మం పొడిబారితే సబ్బు తగ్గించి, స్నానం కాగానే కొబ్బరినూనె రాయాలి. ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలపై జరిపి 2011లో ప్రచురించిన పరిశోధనలో, నీటిని మృదువుగా మార్చే యంత్రం ఇంట అమర్చినందువల్ల వ్యాధి అదనంగా తగ్గినట్లు తేలలేదు. కనుక దురద తగ్గకపోతే వేలకు వేలు పోసి యంత్రం కొనేముందు వైద్యునికి చూపించండి.

ఇక్కడొక హెచ్చరిక. కొందరు అమ్మకందార్లు ఇంటికొచ్చి, గ్లాసు నీటిలో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. నీరు ఎర్రగా, నల్లగా మారుతుంది. "చూడండి, మీ పిల్లలు తాగేది ఇదే" అంటారు. ఆ రంగు నీటిలోని మురికిది కాదు, కడ్డీలోని ఇనుముది. నీటిలో లవణాలుంటే కరెంటు పారి ఇనుము కరుగుతుంది, అంతే. భయపెట్టి అమ్మే ఈ వ్యాపారాన్ని మన షరీఅత్ మోసంగానే పరిగణిస్తుంది. 2019 మే నెలలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా, కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్.ఓ. యంత్రాలను నిషేధించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. నీటిలో పెద్దభాగాన్ని ఆ యంత్రం బయటికి వదిలేయడమే అందుకు కారణం. మీ ఇంట ఆర్.ఓ. ఉంటే అది వదిలే నీటిని బకెట్లో పట్టి నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడండి. అది అశుద్ధం కాదు.

ఇప్పుడు మేము మా తప్పును ఒప్పుకోవాలి. ఎల్లంపల్లి నుంచి గోదావరి జలాలు 2015లో మన ప్రాంతం మీదుగానే నగరానికి రావడం మొదలయింది. మేడ్చల్ దగ్గరి ఘన్‌పూర్‌లో వాటి జలాశయం ఉంది. ఆ మృదువైన నీరు కొన్ని వీధులకు వస్తోంది, కొన్నిటికి ఇంకా రావలసి ఉంది. మా మద్రసాకు వచ్చింది. మేమేం చేశాము? బోరు నీరు నిండిన సంపులోకే దాన్నీ వదిలాము. త్రాగడానికి మళ్లీ క్యాన్లు కొన్నాము. వందల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన మంచినీటిని ఖారా నీటిలో కలిపి మరుగుదొడ్లలో పోశాము. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే హనఫీ లెక్కలో దాదాపు ఒక లీటరుతో, వుజూ పూర్తిచేసేవారని పిల్లలకు పాఠం చెబుతూనే ఈ పని చేశాము.

మంచినీటిని కోరుకోవడం విలాసం కాదు. దైవప్రవక్త (స) కోసం సుఖ్యా అనేచోటు నుంచి తియ్యటి నీరు తెచ్చేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ముహాజిర్లు మదీనా చేరినప్పుడు అక్కడ తియ్యటి నీరు రూమా బావిలోనే ఉండేది, దాన్ని కొనుక్కోవలసి వచ్చేది. దైవప్రవక్త (స) ప్రోత్సాహంతో హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ బావిని కొని ప్రజలందరికీ అర్పించారు. కొన్నవారైనా తన చేదకు ఇతరుల చేదలకంటే ఎక్కువ హక్కు ఉంచుకోలేదు.

ఈ గాథ చదివాక మా సంపును వేరుచేయించాము. గోదావరి నీటికి చిన్న ట్యాంకు కట్టించి, దాన్ని త్రాగడానికి, వంటకు మాత్రమే కేటాయించాము. వుజూకు, స్నానానికి బోరు నీరే. ట్యాంకు నుంచి గేటు బయటికి ఒక నల్లా పెట్టించాము. కనెక్షన్ లేని అద్దె ఇళ్లవారు, ఏ మతస్థులైనా సరే, వచ్చి పట్టుకుంటున్నారు. మద్రసా కప్పు మీది వాన నీటిని బోరు పక్కనున్న ఇంకుడు గుంతలోకి మళ్లించాము. ఇన్నేళ్లుగా తోడుకున్న నేలకు కొంతైనా తిరిగి ఇవ్వాలి కదా!

ఆ దాదీ రోజూ ఉదయం ఒక బిందె నింపుకొని వెళ్తున్నారు. వుజూ మాత్రం తన గదిలోని ఖారా నీటితోనే చేస్తున్నారు. క్యాన్ల ఖర్చు తప్పింది, మాత్రలు రోజూ వేసుకుంటున్నారు.

పాఠకులారా! మీ ఇంటికి మంచినీరు వస్తుంటే అది ఏ సంపులో పడుతోందో ఈరోజే ఒకసారి చూడండి. మీ వీధిలో అది రాని ఇల్లు ఏదో తెలుసుకోండి. నీరు అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాని హక్కును నెరవేర్చే భాగ్యం ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.