చేతికందేదే సంచి

మదనపల్లె దగ్గరి అంగళ్లు నుంచి కుప్పం దాకా సైడ్ వీల్స్ బండి మీద తిరిగి రావాలనుకునేవారు తక్కువ ఖర్చులో ఎలాంటి సంచులు ఎంచుకోవాలి? ఏది ఎక్కడ కట్టాలి?

కదిరి వైపు నుంచి వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి అంగళ్లు మీదుగా మదనపల్లెలో అడుగుపెట్టి, పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటుకుని కుప్పం చేరుతుంది. నూరు కిలోమీటర్లు దాటే ఈ దారిలో టమోటా లారీలు, కాలేజీ బస్సులు, పాల వ్యాన్ల మధ్య సైడ్ వీల్స్ బిగించిన స్కూటర్లు కూడా తరచూ కనిపిస్తాయి. కాళ్లు సహకరించనివారు వెనుక చక్రానికి అటొకటి, ఇటొకటి చిన్న చక్రాలు తగిలించుకుని నడిపే బళ్లు అవి. సర్కారు కాగితాల్లో వాటి పేరు మూడు చక్రాల మోటారు వాహనం. రాష్ట్ర ప్రభుత్వం 2025లో నియోజకవర్గానికి 10 చొప్పున 1,750 బళ్లను పూర్తి సబ్సిడీతో ఇవ్వడానికి దరఖాస్తులు పిలిచింది. సొంత డబ్బుతో సైడ్ వీల్స్ కిట్టు బిగించుకున్నవాళ్లు ఇంకెందరో ఉన్నారు.

ఆ బళ్ల తిరుగుడు ఎక్కువగా అంగడికి, ఆఫీసుకు, ఆసుపత్రికే. వాటిని నడిపేవారికి హార్స్‌లీ హిల్స్ చూడాలని, బోయకొండ గంగమ్మ మొక్కు తీర్చుకోవాలని, కుప్పం జాతరకు పోయి రెండు రోజులుండి రావాలని ఉండదా? బండి ఉంది, లైసెన్సు ఉంది, పెట్రోలుకు నాలుగు డబ్బులూ ఉన్నాయి. అయినా చాలా ప్రయాణాలు సామాను దగ్గరే ఆగిపోతాయి. రెండు జతల బట్టలు, మందులు, నీళ్లు, రెయిన్‌కోటు, చంకకర్రలు... ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? మార్కెట్లో దొరికే టూరింగ్ బ్యాగులన్నీ రెండు చక్రాల బండిని చూసి కుట్టినవి. ఈ బండి కొలతలు వేరు, దాన్ని నడిపేవారి అవసరాలూ వేరు.

ఒరగని బండి

రెండు చక్రాల బండి మలుపులో ఒరుగుతుంది, దాంతోపాటు సామానూ ఒరుగుతుంది. సైడ్ వీల్స్ బండి ఒరగదు. బండి ఎడమకు తిరిగితే బరువంతా కుడికి తోస్తుంది. సామాను ఎంత ఎత్తులో ఉంటే ఆ తోపు అంత గట్టిగా ఉంటుంది. వేగం ఎక్కువైతే మలుపు లోపలి వైపు చక్రం నేలను వదిలేస్తుంది. వెనుక రాడ్ల మీద, నడుము ఎత్తున పెద్ద పెట్టె బిగించుకోవడంలో ప్రమాదం ఇదే. పైగా ఆ బరువు వెనుక చక్రాల ఇరుసు దాటి బయటికి వేలాడుతుంది కాబట్టి ముందు చక్రం తేలికై హ్యాండిల్ పట్టు తప్పుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

మూడు చక్రాల మోటారు సైకిళ్లు తయారుచేసే కంపెనీలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించాయి. హార్లే డేవిడ్‌సన్ 1932లో తెచ్చిన సర్వీ కార్‌కు సామాను పెట్టె వెనుక రెండు చక్రాల మధ్యే ఉండేది. 2007లో వచ్చిన కెనామ్ స్పైడర్‌కు ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి కాబట్టి దాని డిక్కీ ముందు భాగంలోకి వచ్చింది. లక్షలు పోసి కొనే ఆ బళ్లకూ, మదనపల్లె వెల్డింగ్ షాపులో కిట్టు బిగించిన స్కూటర్‌కూ వర్తించే సూత్రం ఒక్కటే. బరువు కిందికి ఉండాలి, చక్రాల మధ్యలో ఉండాలి, రెండు పక్కలా సమానంగా ఉండాలి.

బరువుకూ ఒక హద్దుంది. 110 సీసీ స్కూటర్లు చాలావరకు 130 కిలోలకు అటూ ఇటూ మోయడానికి చేసినవి. నడిపే మనిషి, వెనుక కూర్చునే మనిషి, సామాను అన్నీ అందులోనే. సైడ్ వీల్స్ కిట్టు కూడా ఇనుమే కనుక దాని బరువునూ ఆ లెక్కలోంచే తీసేయాలి. ఒంటరిగా వెళ్లేవారు సామాను పదిహేను కిలోలు దాటకుండా చూసుకుంటే బండికీ మంచిది, విప్పి మోసే చేతులకూ మంచిది.

ఏది ఎక్కడ

బండి దిగి వెనక్కి నడిచి సంచి తెరవగలిగే మనిషికి ఏ సంచి అయినా ఒకటే. ఈ బండి నడిపేవారు సీటు దిగాలంటే ముందు చంకకర్రలు తీయాలి, కాలిపర్లు సర్దుకోవాలి, ఒక్కోసారి ఎవరినైనా పిలవాలి. అలాంటప్పుడు వీపు వెనుక ఉన్న సంచి ఊళ్లో వదిలేసి వచ్చిన సంచితో సమానం. అందుకే ఈ బండికి సంచి ఎంచుకునేటప్పుడు ఎన్ని లీటర్లు పడుతుందని అడిగే ముందు, కూర్చున్నచోటి నుంచి అందుతుందా అని అడగాలి.

దారిలో కావాల్సినవన్నీ ముందు ఉండాలి. మందులు, నీళ్ల సీసా, ఫోను, ఆర్‌సీ, సదరం సర్టిఫికెట్టు, రెయిన్‌కోటు, కాథెటర్ వాడేవారికి ఆ సామగ్రి. వీటికి హ్యాండిల్ కింద, మోకాళ్లకు ఎదురుగా ఉండే చోటు సరైనది. అక్కడి కొక్కెం ఒకటి రెండు కిలోలకు మించి మోయదు. ఒక చిన్న సంచిని పై నుంచి ఒక పట్టీతో, కింద రెండు పక్కలా రెండు పట్టీలతో కట్టేస్తే హ్యాండిల్ తిరిగినప్పుడు అడ్డం రాదు. కట్టాక హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి.

బరువైనవి ఫుట్‌బోర్డు మీదా, సీటు కింద డిక్కీలోనూ పెట్టాలి. పాత యాక్టివా డిక్కీ 18 లీటర్లు, జూపిటర్ 125ది 33 లీటర్లు. పనిముట్లు, పంపు, ట్యూబు, అడాప్టర్లు, చెప్పులు అందులోకి పోతాయి. ఫుట్‌బోర్డు మీద సంచి పెట్టేవారు ఒక్క విషయంలో ఏమరుపాటుగా ఉండకూడదు. వెన్నుపాము దెబ్బతిన్న చాలామందికి కాళ్లలో స్పర్శ తెలియదు. సంచి అంచో, జిప్పు కొసో రెండు గంటలు పాదానికి ఒరుసుకుంటే పుండు పడుతుంది, ఆ సంగతి రాత్రి సాక్సు విప్పేదాకా తెలియదు. ఆ పుండు మానడానికి నెలలు పట్టవచ్చు. అందుకే ఫుట్‌బోర్డు సంచికి మెత్తటి అంచులు ఉండాలి, బకిళ్లు ముందు వైపుకి తిరగాలి, పాదానికీ సంచికీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి.

ఇక పక్క సంచులు. మామూలు శాడిల్ బ్యాగులు సీటు మీదుగా వేస్తే రెండు పక్కలా కిందికి వేలాడతాయి. రెండు చక్రాల బండికి అక్కడ ఖాళీ ఉంటుంది, ఈ బండికి అక్కడ చక్రం తిరుగుతుంటుంది. గతుకులో సంచి అడుగు టైరుకు తగిలితే గుడ్డ అరిగిపోతుంది, పట్టీ చుట్టుకుంటే చక్రమే పట్టేస్తుంది. కుడి పక్కన సైలెన్సర్ వేడి నైలాన్‌ను కరిగిస్తుంది. ఇంజిన్‌ను చల్లార్చే ఫ్యాను జాలీని సంచి మూసేస్తే కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ కాగిపోతుంది. పక్క సంచి కావాలంటే అది పొట్టిగా, వెడల్పుగా, సైడ్ వీల్ మడ్‌గార్డ్ పైన కూర్చునేలా ఉండాలి. మడ్‌గార్డ్ రేకు మీద నేరుగా బరువు వేయకూడదు. కిట్టు ఫ్రేమ్‌కు రెండు చదును పట్టీలు వెల్డింగ్ చేయించి, వాటి మీద సంచిని నిలపాలి.

చంకకర్రలకు నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క చాలు. కర్రల్లో సగం పొడవున కోసి, అడుగున మూత బిగించి, వాన నీళ్లు పోయేలా మూతకు చిల్లు పెట్టి, ఎడమ చేతికి అందేచోట రెండు క్లాంపులతో కట్టేస్తే కర్ర తీయడానికి ఎవరినీ పిలవక్కర్లేదు.

గుడ్డ, కుట్టు, జిప్పు

రైనాక్స్, వయాటెర్రా, గార్డియన్ గేర్స్ లాంటి మన దేశపు కంపెనీల టూరింగ్ బ్యాగులు బాగుంటాయి. మంచి శాడిల్ బ్యాగుల జతకు మూడు నాలుగు వేలు, అంతకుపైనే పెట్టాలి. ఆ డబ్బు పెట్టగలిగినవారు కూడా జత కొనే బదులు ఒక్క టెయిల్ బ్యాగు, ఒక్క డ్రై బ్యాగు విడివిడిగా కొంటే ఈ బండికి బాగా ఒదుగుతాయి.

కొనేటప్పుడు చూడాల్సినవి మూడు. గుడ్డ దారం మందం 600 డెనియర్‌కు తగ్గకూడదు, 1000 డెనియర్ అయితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పట్టీ సంచికి కలిసేచోట చతురస్రం కుట్టి అందులో అడ్డంగా కత్తెర గుర్తు వేశారో లేదో చూడాలి. ఒక్క గీత కుట్టే ఉంటే ఆ పట్టీ మొదటి గతుకుల రోడ్డులోనే ఊడుతుంది. జిప్పు కంటే నోరు మూడుసార్లు మడిచి బకిల్ వేసే సంచి వానకు ఎక్కువ ఆగుతుంది. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా కుట్టు రంధ్రాల్లోంచి నీళ్లు వచ్చేవే ఎక్కువ. పీవీసీ గుడ్డను కుట్టకుండా వేడితో అతికించిన డ్రై బ్యాగులోకే నిజంగా నీళ్లు చొరబడవు.

అంత డబ్బు లేనివారికి మదనపల్లెలో ఇంకో దారి ఉంది. ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి ఇక్కడుంది. లారీలు ఉన్నచోట టార్పాలిన్ కుట్టేవారు ఉంటారు, స్కూటర్లు ఉన్నచోట సీటు కవర్లు కుట్టే రెక్సిన్ షాపులు ఉంటాయి. వాళ్ల మిషన్లు మందపాటి గుడ్డను అలవోకగా కుడతాయి. బండిని షాపు ముందే నిలిపి, మడ్‌గార్డ్ పైన అట్టముక్క పెట్టి, దాని చుట్టూ పెన్సిల్‌తో గీసి ఇస్తే అదే కొలత. ‘అన్నా, అడుగున రెండు పొరలెయ్. పట్టీ ముందరికి రావల్ల, నేను కూకోనే ఇప్పుకోవల్ల’ అని ఒక్క మాట చెబితే వాళ్లకు అర్థమవుతుంది. లోపల పలుచటి ఫోమ్ షీటు వేయిస్తే సంచి కూలబడదు. బయటి వైపు రేడియం టేపు రెండు గీతలు వేయిస్తే రాత్రి వెనుక లారీకి కనిపిస్తుంది.

ఖాళీ టమోటా క్రేటు ఇంకా చవకైన సాధనం. గట్టిగా ఉంటుంది, నీళ్లు నిలవవు, ఎక్కడ కావాలంటే అక్కడ తాడు దూరుతుంది. వెనుక సీటు ఖాళీగా ఉంటే క్రేటును సీటు మీదే ఉంచి, బ్యాక్‌రెస్టుకు ఆనించి, కింద ఫ్రేమ్‌కు నాలుగు మూలలా కట్టాలి. బట్టల సంచిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అందులో పెట్టి పైన టార్పాలిన్ ముక్క కప్పితే అది వెయ్యి రూపాయల్లోపు తయారయ్యే టాప్ బాక్సు. అందులో బట్టలు, దుప్పటి లాంటి తేలికైనవే ఉండాలి. కట్టడానికి హుక్కుల ఎలాస్టిక్ తాళ్లను నమ్ముకోవద్దు, గతుకులో హుక్కు ఊడి చక్రంలో పడుతుంది. బకిల్ ఉన్న నైలాన్ పట్టీలు వాడాలి. పాత ట్యూబు ముక్కలు కూడా బాగా పట్టుకుంటాయి గానీ ముడి విప్పడానికి వేళ్లలో బలం కావాలి.

ఏది కట్టినా వెనుక లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు కనిపించాలి. సీటు ఎత్తితేనే పెట్రోలు మూత కనిపించే బండికి సీటు మీద సంచి కడితే బంకు దగ్గర కట్లన్నీ విప్పాల్సిందే. అలాంటి బండి ఉన్నవారు సంచిని సీటు వెనుక భాగానికే పరిమితం చేసి, ఒక్క బకిల్ తీస్తే సంచితో సహా సీటు లేచేలా కట్టుకోవాలి.

దారి అడిగే జాగ్రత్తలు

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల అడుగులు దాటిన కొండ. మెలికల ఘాట్ రోడ్డులో ఒరగని బండికి ప్రతి మలుపూ పరీక్షే. దిగేటప్పుడు మలుపులోకి వచ్చాక బ్రేకు వేస్తే బరువు ముందుకీ పక్కకీ ఒకేసారి తోస్తుంది. మలుపుకు ముందే వేగం తగ్గించాలి. కొండ మీద చలి ఉంటుంది, స్వెట్టరు సంచి పైపొరలో ఉండాలి. కొండ గుళ్ల దగ్గర కోతులు ఉంటాయి, వాటికి వేలాడే ప్లాస్టిక్ కవరు కనిపించకూడదు.

పలమనేరు నుంచి కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చిన ఏనుగులు అక్కడ తిరుగుతాయి. వాటిని తరమడానికి కర్ణాటక నుంచి తెచ్చిన కుంకీ ఏనుగులకు 2025లో పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం ఏర్పాటు చేశారు. ఏనుగు ఎదురైతే దిగి పరుగెత్తగలిగే ప్రయాణికులం కాదు కాబట్టి పొద్దుగూకక ముందే ఆ దారి దాటాలి. అరటిపండ్లు, పనసపండు, బెల్లం సంచుల్లో ఉంచుకోకూడదు.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ రోజుల్లో బయల్దేరితే మందులు, కాగితాలు విడిగా జిప్ కవర్లో పెట్టి, దాన్ని సంచిలో పెట్టాలి. గంటకొకసారైనా ఆగి సీటు మీద నుంచి చేతులతో ఒళ్లు పైకెత్తుకోవడం, పట్టీలు లాగి చూడటం, పక్క చక్రాల గాలి తడిమి చూడటం అలవాటు చేసుకోవాలి.

బండితోపాటే క్యారేజీ

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సాంస్కృతిక జీవనంలో, వినోదంలో అందరితో సమానంగా పాలుపంచుకునే హక్కునూ గుర్తించింది. ఉద్యోగానికి వెళ్లడానికి ఎంత హక్కుందో కొండెక్కి గాలి పీల్చుకోవడానికీ అంతే హక్కుంది. ప్రభుత్వం ఇచ్చే బండికి చక్రాల మధ్య ఒక తక్కువ ఎత్తు క్యారేజీ, చేతికందే కర్రల గొట్టం, మడ్‌గార్డ్‌ల మీద సంచి నిలిచే పట్టీలు మొదటే బిగించి ఇవ్వాలి. కిట్టు తయారయ్యేచోటే ఆ వెల్డింగ్ చేస్తే అయ్యే ఖర్చు స్వల్పం. తర్వాత ఒక్కొక్కరూ విడిగా చేయించుకుంటే అయ్యే ఖర్చు, తిప్పలు రెండూ ఎక్కువే. బండి ఇచ్చే ప్రతి శిబిరంలో లబ్ధిదారులు ఈ మాట అడగాలి, నాయకులు వినాలి.

అది జరిగేదాకా ఆగాల్సిన పనిలేదు. ఒక క్రేటు, ఒక రెక్సిన్ సంచి, నాలుగు నైలాన్ పట్టీలు, ఒక పైపు ముక్క రెండు వేల రూపాయల్లో సమకూర్చుకోవచ్చు. మొదటి ప్రయాణం అంగళ్లు నుంచి హార్స్‌లీ హిల్స్‌కు పెట్టుకోండి. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఏ పట్టీ వదులైందో, ఏ సంచి చేతికి అందలేదో ఆ ఒక్క రోజులోనే తేలిపోతుంది. వాటిని సరిచేయించుకున్నాక కుప్పానికి బయల్దేరండి.